పుత్తూరు కట్టు – సంఘ కట్టుబాటు

చదువవలసిన వాక్యభాగములు: యెహెజ్కేలు 34:1-16, అపొస్తలుల కార్యములు 2:42-47



రేణిగుంట నుండి అరక్కోణం పోయే రైలు మార్గంలో పుత్తూరు ఒక మోస్తరు స్టేషను. రైలు దిగి చూస్తే దూరంగా నగరి ముక్కు కొండ కనిపిస్తుంది. ఆ కొండ అంచు మనిషి ముక్కులాగే ఉంటుంది. ఇదే దారిలో ఇంకాస్త ముందుకు పోతే, బోర్డు పట్టనంత పొడుగు పేరున్న వెంకటనరసింహరాజువారిపేట, ఆ తర్వాత తమిళ దేశం. అందుకే మా ప్రాంతంలో తెలుగు మాటకు తమిళ యాస, తమిళ మాటకు తెలుగు యాస అంటుకొని ఉంటాయి. పగలంతా మరమగ్గాల చప్పుడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు పుత్తూరు చిత్తూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా ఊరు మారలేదు. బయటి ఊళ్ళవారు పుత్తూరు పేరు చెప్పగానే అడిగే మాటా మారలేదు: "ఎముకలకు కట్టు కడతారే, ఆ పుత్తూరేనా?"

అవును, ఆ పుత్తూరే. పోయిన జనవరిలో మేము కూడా ఆ కట్టు కోసమే వెళ్ళాము. మా సంఘ పెద్ద ఒకాయన మనుమడు చింతచెట్టు మీదినుండి పడి ముంజేయి విరగ్గొట్టుకొన్నాడు. వాణ్ణి ఆటోలో కూర్చోబెట్టుకొని తాతయ్య, తల్లి, మేము ఈశలాపురం చేరాము. అక్కడ తెల్లవారక ముందే జనం. కర్ణాటక నుండి వచ్చినవారు, తమిళనాడు నుండి వచ్చినవారు, ముసలివారు, ఆటల్లో పడిన పిల్లలు. అందరూ విరిగినవారే, అందరూ వరుసలో కూర్చున్నవారే. ఒకరి చేతిని ఒకరు పట్టుకొని, "మీకు యాడ ఇరిగింది?" అని అడుగుకొంటున్నారు. విరిగినచోటు దాచుకోవలసిన అవసరం అక్కడ ఎవరికీ లేదు.

ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. చూడడానికి ఇంతే. ఎముకను సరిచేసేటప్పుడు పిల్లవాడు ఒక్కసారి కేక పెట్టాడు. తర్వాత కట్టు బిగిసింది. తాతయ్య చేతులు జోడించి, "అతుక్కుంటాది కదా సామీ?" అన్నాడు. కట్టు కట్టిన ఆయన చేతులు తుడుచుకొంటూ అన్నమాట మా చెవిలో ఇప్పటికీ ఉంది: "అతికేది మా చేతల్లో లేదు పెద్దాయనా. ఎముక దానంతటదే అతుక్కుంటాది. అది కదలకుండా పట్టి ఉంచేదే మా పని. కట్టు వదులైతే మాత్రం వంకరగా అతుక్కుంటాది."

తిరుగు దారిలో మేము ఎవరితోనూ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ నెలకు ముందే మా సంఘంలో ఒక ఎముక విరిగి ఉంది. దానికి ఏ కట్టూ కట్టలేదు.

మా ఊళ్ళో విరిగినది

పుత్తూరుకు కొద్ది దూరంలోని ఒక పల్లె మా సంఘం. అరవై కుటుంబాలు కూడా ఉండవు. సగంమంది మగ్గాలకు, మిగిలినవారు కూలికీ, చిన్న సేద్యాలకూ పోతారు. చదువుకొన్న పిల్లలు చెన్నైకో శ్రీసిటీకో వెళ్ళిపోయారు. ఆ పల్లెలో ఒక అవ్వ ఉండేది. కొడుకులు దూరంలో ఉన్నారు. ప్రతి ఆదివారం అందరికంటె ముందు వచ్చి చాపలు పరచేది. ఆరాధన అయ్యాక అందరికంటె వెనుక ఆ చాపలు చుట్టి వెళ్ళేది.

డిసెంబరులో క్రిస్మసుకు పది దినాల ముందు, ఒక బుధవారం ప్రార్థనకు అవ్వ రాలేదు. చాపలు పరచి లేవు. యౌవనస్థులు పరచుకొన్నారు. "అవ్వ రాలేదే" అని అందరమూ అన్నాము. "ఎందుకు రాలేదు?" అని చూడడానికి ఒక్కరమూ వెళ్ళలేదు. మరునాడు ఆ వీధిన మేము రెండుసార్లు నడిచాము. తలుపు వేసి ఉంది. చలికి పడుకొని ఉంటుందిలే అనుకొన్నాము. ఆ రాత్రి యౌవనస్థులు ఆ వీధి మొదటి నుండి చివరి దాకా క్రిస్మసు పాటలు పాడుకొంటూ పోయారు. శుక్రవారం ఉదయం పాలు పోసే అమ్మాయికి అనుమానం వచ్చి తలుపు నెట్టింది. అవ్వ ప్రభువునందు నిద్రించి అప్పటికి ఒక రోజు దాటింది.

భూస్థాపన చేశాము. వాక్యం చెప్పాము. ఏ వాక్యం చెప్పామో మాకే గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే. సమాధి దగ్గర అవ్వ చిన్న కోడలు మా వైపు చూసి, కోపం లేకుండానే అడిగింది: "అయ్యగారూ, గుడి నాలుగిండ్ల అవతలే కదా?"

యెహెజ్కేలు 34వ అధ్యాయంలో ప్రభువు కాపరుల మీద మోపిన నేరం విరిగినదానికి కట్టు కట్టలేదని. ఇరవై ఏండ్ల సేవలో ఆ భాగాన్ని మేము ఎన్నోసార్లు ఇతరులకు బోధించాము. ఈసారి అది మాకు బోధించింది.

ఎడారి నుండి ఒక మాట

వేదాంత విద్యాలయంలో చదివే రోజుల్లో సంఘ చరిత్ర పరీక్ష కోసం ప్రాచీన సన్యాసుల పేర్లూ సంవత్సరాలూ కంఠస్థం చేశాము. వారేమి చెప్పారో పట్టించుకోలేదు. ఈశలాపురం నుండి వచ్చిన రాత్రి ఆ పాత నోటు పుస్తకం వెదకి తీశాము.

ఐగుప్తులో అంతోని అనే యౌవనస్థుడు మత్తయి 19:21 వాక్యం గుడిలో విని, ఆస్తి పంచిపెట్టి ఎడారికి వెళ్ళాడు. ఇది 3వ శతాబ్దపు మాట. ఆయన వెనుక అనేకులు వెళ్ళి ఒంటరిగా గుహల్లో ప్రార్థించారు. కాని ఆ తరువాతి తరంలోనే, సుమారు 320లో, పకోమియసు అనేవాడు నైలు నది ఒడ్డున వారిని ఒకచోట చేర్చాడు. కలిసి ప్రార్థన, కలిసి భోజనం, చాపలు బుట్టలు అల్లడం, సేద్యం. ఒంటరి భక్తికంటె ఉమ్మడి జీవితం కష్టమని, కష్టమైనా మేలని వారు తెలుసుకొన్నారు. కైసరయలో బిషప్పు అయిన బసిలు ఇదే సంగతిని ఒక చిన్న ప్రశ్నగా అడిగాడు. ఒంటరిగా ఉండేవాడు ఎవరి పాదాలు కడుగుతాడు? ఆయన ఊరక అడిగి మానలేదు. ఊరి వెలుపల రోగులకు, బీదలకు, పరదేశులకు పెద్ద వసతి కట్టించాడు.

ఇక ఇటలీలో బెనెడిక్టు. 6వ శతాబ్దంలో మోంటే కసీనో అనే కొండ మీద మఠం స్థాపించి, 73 చిన్న అధ్యాయాలలో ఒక నియమావళి వ్రాశాడు. దానిని మళ్ళీ చదివినప్పుడు ఆశ్చర్యం కలిగింది. అందులో దర్శనాలు లేవు, గొప్ప అద్భుతాలు లేవు. ఉన్నవన్నీ ఇంటి సంగతులు. ఎప్పుడు లేవాలి, ఏ వేళకు కీర్తనలు చదవాలి, వంట వంతు ఎవరిది. పారను, కొడవలిని కూడా బలిపీఠపు పాత్రలవలె జాగ్రత్తగా చూసుకోవాలి. వచ్చిన అతిథిని క్రీస్తువలె చేర్చుకోవాలి. ముఖ్యమైన సంగతి వచ్చినప్పుడు అందరిలో చిన్నవాణ్ణి కూడా అడగాలి. సణుగుడు ఉండకూడదు. అన్నిటికంటె ముందు రోగులను చూసుకోవాలి. వాకిట దగ్గర తెలివిగల ఒక ముసలాయన ఉండి, ఎవరు తట్టినా వెంటనే పలకాలి.

ఆ చివరి రెండు మాటల దగ్గర మేము పుస్తకం మూసివేశాము. దాదాపు పదిహేను వందల ఏండ్ల క్రితం ఒక మఠంలో తలుపు దగ్గర మనిషిని పెట్టారు. మా సంఘంలో మూసిన తలుపు దగ్గర మనిషి లేడు.

"మనం లూథరన్లం కదా?"

సంఘ పెద్దల సభలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పెద్దాయన లేచాడు. వాక్యం బాగా తెలిసినవాడు. "అయ్యగారూ, మఠాలు వద్దనే కదా లూథరుగారు బయటికి వచ్చింది? మళ్ళీ మనల్ని ఆడికే తీసకపోతారా?" అన్నాడు.

ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. లూథరుగారు 1505లో ఎర్‌ఫుర్టులో అగస్టీను సన్యాసుల మఠంలో చేరారు. ఉపవాసాలు, జాగరణలు, ఒప్పుకోళ్ళు అన్నీ చేశారు. సమాధానం దొరకలేదు. విశ్వాసమువలననే నీతిమంతులమని తెలిసిన తరువాత, 1521లో సన్యాస ప్రమాణాలను ఖండిస్తూ గ్రంథం వ్రాశారు. ప్రమాణాలు చేసి దేవుని దగ్గర రక్షణ కొనుక్కోలేమని చెప్పారు. ఆ మాట మనకు పునాది. దాన్ని కదల్చకూడదు.

అయితే ఆయన తరువాత ఎక్కడ కాపురముండెను? విటెన్‌బర్గులో తాము సన్యాసిగా ఉన్న ఆ మఠపు కట్టడంలోనే! 1525లో, మఠం విడిచిన సన్యాసిని కేతరీనాగారిని వివాహమాడి, అక్కడే సంసారం చేశారు. ఆరుగురు పిల్లలు, తల్లిదండ్రులు లేని బంధువుల పిల్లలు, విద్యార్థులు, దారిన పోయే అతిథులు. బల్ల ఎప్పుడూ నిండి ఉండేది. కేతరీనమ్మగారు తోట, పశువులు, లెక్కలు అన్నీ చూసేవారు. 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తర పుస్తకంలో ఉదయం లేవగానే, రాత్రి పండుకొనేముందు, భోజనానికి ముందు, తరువాత ఏమి ప్రార్థించాలో ఇంటి యజమానికి నేర్పించారు. మఠంలో గంట గంటకు జరిగే ప్రార్థనలను రైతు ఇంట్లో పట్టేటంత చిన్నవిగా చేసి ఇచ్చారన్నమాట. లూథరుగారు మఠపు గోడను పడగొట్టారు, నిజమే. అందులోని దీపాన్ని ఆర్పలేదు. ఇంటింటికి తెచ్చి పెట్టారు. ఆ దీపాన్ని ఆర్పింది మనమే.

ఇంకొక సంగతి కూడా ఆ సభలో చెప్పాము. మన పుత్తూరు ప్రాంతానికి సువార్త తెచ్చినవారు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ అనే పల్లె నుండి వచ్చిన మిషనరీలు. ఆ పల్లె పాస్టరు లూయిస్ హార్మ్స్‌గారు 1849లో మిషను ప్రారంభించారు. పూర్వం ఇంగ్లాండు నుండి సన్యాసులు గుంపులుగా జర్మనీకి వచ్చి, దున్నుతూ, ప్రార్థిస్తూ, బోధిస్తూ ఆ దేశానికి సువార్త ఇచ్చిన చరిత్ర ఆయన మనస్సులో ఉండేది. అందుకే 1853లో ఆఫ్రికాకు పంపిన మొదటి గుంపులో బోధకులు ఎనిమిదిమందైతే, రైతులు, చేతిపనివారు కలిసి ఎనిమిదిమంది. అందరిదీ ఒకే పొయ్యి, ఒకే ఖజానా. ఆ ఉమ్మడి ఆస్తి పద్ధతి చాలాకాలం నిలవలేదు. మన దేశంలో ఆ పద్ధతి పెట్టలేదు కూడా. 1860ల నడుమ మిలియసుగారితో మొదలైన మన దక్షిణ తెలుగు మిషను మామూలు మిషను స్టేషన్లుగానే సాగింది. 1912లో పుత్తూరు, కోడూరు స్టేషన్లు అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వచ్చాయి. 1945లో దక్షిణాంధ్ర లూథరన్ సంఘం ఏర్పడింది. కాని ప్రార్థన, పని, ఉమ్మడి జీవితం మూడూ కలిసిన ఆ పాత విత్తనం మన మూలంలో ఉన్నదని మరువకూడదు.

దూరం వెళ్ళనక్కర లేదు. జోలార్‌పేట దగ్గరి తిరుపత్తూరులో 1921లో ఇద్దరు వైద్యులు క్రిస్తుకుల ఆశ్రమం స్థాపించారు. ఒకరు తమిళుడైన యేసుదాసన్‌గారు, మరొకరు స్కాట్లాండు నుండి వచ్చిన ఫారెస్టర్ పేటన్‌గారు. ఇద్దరూ ప్రొటెస్టెంటులే, ఇద్దరూ అవివాహితులుగానే సేవచేశారు. తెల్లవాడు పైన, నల్లవాడు కింద అనే ఆ కాలంలో, జనం యేసుదాసన్‌గారిని పెద్దన్న అనీ, పేటన్‌గారిని చిన్నన్న అనీ తమ భాషలో పిలిచేవారు. పేటన్‌గారు సంపన్న కుటుంబంలో పుట్టి ఖద్దరు కట్టారు. 1932లో మద్రాసు వీధిలో పోలీసుల దెబ్బలు కూడా తిన్నారు. రోగుల సేవ, ప్రార్థన, సాదా భోజనం వారి నియమం.

మా పెద్దాయన అంతా విని, "అయితే ఇది పుణ్యం కోసం కాదంటారు" అన్నాడు. "కాదు పెద్దాయనా" అన్నాము. "ఈశలాపురంలో చూశాం కదా? బద్ద ఎముకను అతికించదు. అతికించేది దేవుడు పెట్టిన జీవం. బద్ద కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. కృప ఎముక లోపలిది, నియమం వెదురు బద్ద." తన మనుమడి చేయి గుర్తుకొచ్చి ఆయన కూర్చున్నాడు.

నలుబది దినముల నియమము

భస్మ బుధవారం నుండి పునరుత్థాన పండుగ వరకు, నాలుగే నియమాలు పెట్టుకొన్నాము. ప్రమాణం చేయించలేదు. ఇష్టమున్నవారు పేరు ఇవ్వమన్నాము. ఇరవై మూడు కుటుంబాలు ఇచ్చాయి.

మొదటిది గంట. ఉదయం ఆరింటికి, రాత్రి ఎనిమిదింటికి గుడి గంట కొడతాము. ఎక్కడున్నవారు అక్కడే, ఒక కీర్తన చదివి పరలోక ప్రార్థన చెప్పాలి. మగ్గం దగ్గర ఉన్నవారు మనస్సులోనే చెప్పుకోవచ్చు. నేతలో పడుగు ఎంత అవసరమో పేక అంత అవసరం. ప్రార్థన లేని పని, పని లేని ప్రార్థన రెండూ బట్ట కావు.

రెండవది తలుపు. ప్రతి ఇంటికీ ఆ వారం ఇంకొక ఇంటి తలుపు తట్టే వంతు ఉంటుంది. రోజుకొకసారి తట్టి, "బాగుండారా?" అని అడిగి రావాలి. ఎవరికి ఎవరి ఇల్లు అనేది చీటీలు తీసి నిర్ణయిస్తాము. ఏరుకోవడం లేదు.

మూడవది పిడికెడు బియ్యం. ఇది మన అవ్వల కాలం నాటిదే. అన్నం వండేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం ఆ బియ్యంతో అందరికీ ఒకే వంట, ఒకే వరుసలో భోజనం.

నాలుగవది నోరు. ఎదుట లేని మనిషిని గురించి మాట్లాడకూడదు. మాట్లాడితే వెళ్ళి ఆ మనిషికే చెప్పాలి (మత్తయి 18:15). హిట్లరు కాలంలో జర్మనీలోని ఫింకెన్‌వాల్డెలో బోన్‌హోఫర్ అనే లూథరన్ పాస్టరు యౌవన బోధకులతో కలిసి జీవిస్తూ ఇదే నియమం పెట్టారు. 1937లో రహస్య పోలీసులు ఆ విద్యాలయాన్ని మూసివేశారు. ఆ నియమం మాత్రం మూతపడలేదు.

పాఠకులారా, అన్నీ బాగా జరిగాయని వ్రాస్తే అబద్ధమాడినవారమౌతాము. గంట పది దినాలు బాగానే మోగింది. తర్వాత కొట్టేవారే మరచిపోయారు. రాత్రి ఎనిమిదింటికి సీరియలు కట్టివేయడానికి కొన్ని ఇండ్లవారికి మనసు రాలేదు. మా ఇంట్లోనే రెండుసార్లు కీర్తన చదవకుండా పడుకొన్నాము. నాలుగవ నియమం అన్నిటికంటె కష్టమైంది. ఒక అక్క నవ్వుతూ, "అయ్యగారూ, మీరు నోరు మూసేసినారు, ఇంక కొళాయి కాడ ఏం మాట్లాడేది?" అన్నది. మూడు కుటుంబాలు నడుమనే మానుకొన్నాయి.

కాని రెండవ నియమం దగ్గర ఒకటి జరిగింది. మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు. పొలం గట్టు తగాదాలో ఆరేండ్లుగా మాటలు లేవు. ప్రభువు బల్ల దగ్గరికి కూడా ఒకరు ఒక వరుసలో, ఇంకొకరు వేరే వరుసలో వచ్చేవారు. ఎన్నో ప్రసంగాలు చేశాము, ఇంటికి వెళ్ళి బ్రతిమాలాము. లాభం లేకపోయింది. నాలుగవ వారం చీటీ తీస్తే తమ్ముడికి అన్న ఇల్లు వచ్చింది. చీటీ మార్చమంటాడని చూశాము. మార్చమనలేదు.

సోమవారం సాయంకాలం వెళ్ళి అన్న తలుపు తట్టాడు. అన్న తెరిచి, "ఏం?" అన్నాడు. తమ్ముడు, "వంతు వచ్చింది గనక తట్టినాను. బాగుండారా?" అన్నాడు. "బాగుండాను" అని అన్న తలుపు వేసుకొన్నాడు. మంగళవారం కూడా అంతే. గురువారం నాటికి తలుపు తెరిచే ఉంది. శనివారం వదిన మజ్జిగ ఇచ్చింది. వారం అయిపోయింది, వంతు మారింది. ఆ మరుసటి సోమవారం కూడా తమ్ముడు ఆ వీధిన వెళ్ళాడట. "వంతు నీది కాదు కదరా?" అని అన్న అడిగితే, "అలవాటైపోయింది" అన్నాడట.

పొలం గట్టు తగాదా ఇంకా తీరలేదు. కాని పునరుత్థాన పండుగనాడు ఇద్దరూ ఒకే వరుసలో మోకరించారు. మేము రొట్టె ఇస్తున్నప్పుడు మా చేతులు వణికాయి. ప్రేమ వచ్చిన తరువాత తలుపు తడదామని ఆరేండ్లు కనిపెట్టాము. తలుపు తట్టిన తరువాత ప్రేమ వచ్చింది. పాతకాలపు భక్తులు నియమం ఎందుకు వ్రాసుకొన్నారో అప్పుడు అర్థమైంది. మన మనస్సు మీద వారికి నమ్మకం లేదు. అందుకే పని వంతులుగా పంచారు.

కట్టు విప్పిన దినము

పండుగకు ముందే పిల్లవాడి కట్టు విప్పించడానికి మళ్ళీ ఈశలాపురం వెళ్ళాము. గుడ్డ విప్పగా చేయి సన్నగా, పాలిపోయి కనిపించింది. తల్లి భయపడింది. "ఎముక అతుక్కుంది తల్లీ. ఇంక పనిలో పెట్టాల, దినమూ కదిలించాల. లేకుంటే బిగుసుకుపోతాది" అన్నారు. పిల్లవాడు అతి మెల్లగా వ్రేళ్ళు ముడిచి, తెరిచి, మా వైపు చూసి నవ్వాడు.

మేమూ ఇప్పుడు నియమాలను కొంత వదులు చేశాము. ఉమ్మడి భోజనం నెలకొక ఆదివారమే. గంట ఉదయం మాత్రమే. తలుపు తట్టే వంతు మాత్రం మానలేదు, మానము కూడా. ఆ వంతుల పట్టీలో మొదట అవ్వ ఇంటి పేరు వ్రాసి ఉంది. ఇల్లు తాళం వేసి ఉంది. అయినా ఆ వంతు వచ్చినవారు వెళ్ళి వాకిట నిలిచి, ప్రార్థించి, వచ్చి ఆదివారం చాపలు పరుస్తారు.

ప్రియ పాఠకులారా, మీ సంఘంలో మఠం కట్టనక్కర లేదు, కాషాయం కట్టనక్కర లేదు. ఈ మాసపత్రిక మూసి పెట్టిన తరువాత ఒక్క పని చేయండి. మొన్న ఆదివారం గుడికి రానివారు ఎవరో గుర్తు తెచ్చుకోండి. ఈ సాయంకాలమే వెళ్ళి ఆ తలుపు తట్టండి. రేపు అనుకోవద్దు. మేము రేపు అనుకొన్నాము.

ప్రార్థన: మంచి కాపరివైన ప్రభువా, విరిగినవారి యొద్దకు వెళ్ళుటకు మా కాళ్ళకు అలవాటు నేర్పుము. మా నియమములలో మేము అతిశయపడకుండ మమ్మును కాపాడుము. అతికించువాడవు నీవే అని ఎరిగి, కట్టు కట్టు పనిని విడువకుండ మాకు సహాయము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.